పైరసీ అని సైట్ మొత్తం మూసేస్తే, అందులో మనం దాచుకున్న ఫైళ్ల సంగతేంటి?

పాలమూరు_పాటలు (వనపర్తి)

అందరికీ నమస్కారం. వనపర్తి దగ్గర ఒక ఊళ్లో టీచర్‌గా పనిచేస్తున్నాను. మా చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు పాడే పాటలు చాలా ఏళ్లుగా రికార్డ్ చేసి దాచుకుంటున్నాను. నాట్ల పాటలు, కలుపు పాటలు, బతుకమ్మ పాటలు, బైండ్లవాళ్లు చెప్పే ఎల్లమ్మ కథ, శారదకాండ్ర కథలు అన్నీ ఉన్నాయి. పాడినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. ఈ ఫైళ్లన్నీ ఒక ఫైల్ షేరింగ్ సైట్‌లో పెట్టి, లింకులు వాళ్ల కుటుంబాలకు, పరిశోధన చేసే పిల్లలకు ఇచ్చేదాన్ని. సైట్ పేరు ఇక్కడ రాయడం లేదు.

పోయిన వారం నుంచి ఆ సైట్ తెరుచుకోవడం లేదు. టెలికం శాఖ ఆదేశాల మేరకు బ్లాక్ చేశామని ఒక్క వాక్యం కనబడుతోంది. ఎందుకు చేశారో, ఎవరు అడిగితే చేశారో, ఎన్నాళ్లో ఏమీ లేదు. తెలిసినవాళ్లను అడిగితే, అందులో కొత్త సినిమాల కాపీలు ఎక్కిస్తున్నారట, అందుకే మూసేశారన్నారు.

పైరసీని నేను సమర్థించను. మా ఇంట్లో ఎవరూ దొంగ కాపీ చూడరు. కానీ ఒకడు దొంగ సరుకు పెట్టాడని గోదాముకు తాళం వేస్తే, అదే గోదాములో వడ్లు పెట్టుకున్న రైతు తన బస్తాలు తెచ్చుకోవడానికి ఎవర్ని అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

అడ్మిన్

ఒక్క మాట ముందే చెప్తున్నాను. ఈ థ్రెడ్‌లో సినిమా లింకులు, మిర్రర్ సైట్ల పేర్లు పెట్టొద్దు. పెడితే తీసేస్తాను. మిగతా ఏదైనా మాట్లాడుకోండి.

సూర్యాపేట_సాఫ్ట్‌వేర్ (ఇప్పుడు హైదరాబాద్)

మేడం, మీకు వచ్చిన కష్టమే 2012లో ప్రపంచవ్యాప్తంగా లక్షల మందికి వచ్చింది. ఆ సంవత్సరం జనవరి 19న అమెరికా న్యాయశాఖ ఫైల్ షేరింగ్ సైట్ మెగాఅప్‌లోడ్‌ను మూసేసింది. దానికి 15 కోట్ల మంది రిజిస్టర్డ్ యూజర్లు ఉన్నారని, మొత్తం ఇంటర్నెట్ ట్రాఫిక్‌లో 4 శాతం దానిదేనని అభియోగపత్రంలోనే రాశారు. యజమాని కిమ్ డాట్‌కామ్‌ను న్యూజిలాండ్‌లో అరెస్టు చేశారు. కాపీరైట్ ఉన్నవాళ్లకు 50 కోట్ల డాలర్లకు పైగా నష్టం చేశారని, నిర్వాహకులు 17.5 కోట్ల డాలర్లు సంపాదించారని ఆరోపణ.

అందులో దొంగ సరుకు చాలానే ఉందనడంలో నాకు అనుమానం లేదు. నిర్వాహకుల్లో ఇద్దరు తర్వాత న్యూజిలాండ్ కోర్టులో నేరం ఒప్పుకున్నారు, 2023లో జైలు శిక్ష కూడా పడింది. కానీ ఒహాయో రాష్ట్రంలో స్కూలు పిల్లల ఆటలు వీడియో తీసి బతికే ఒకతను తన వీడియోలన్నీ అందులో పెట్టుకున్నాడు. సైట్ మూయడానికి కొద్దిరోజుల ముందే ఇంట్లో అతని హార్డ్ డిస్క్ పాడైంది. తన వీడియోలు తనకు ఇప్పించమని కోర్టుకు వెళ్లాడు. అమెరికాలో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఈఎఫ్ఎఫ్ అతని తరఫున నిలబడింది. అయినా ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చింది.

ఎందుకంటే ఆ సర్వర్లు వర్జీనియాలో ఉన్న కార్పాథియా అనే కంపెనీవి, మెగాఅప్‌లోడ్ కిరాయికి తీసుకుంది. ప్రభుత్వం కేసుకు కావాల్సినంత కాపీ చేసుకుని తన పని అయిపోయిందంది. డబ్బులన్నీ సీజ్ అయ్యాయి కాబట్టి కిరాయి కట్టేవాళ్లు లేరు. ఆ సర్వర్లు ఊరికే ఉంచడానికి రోజుకు 9,000 డాలర్లు అవుతోందని ఆ కంపెనీ కోర్టుకు మొరపెట్టుకుంది. నెదర్లాండ్స్‌లో ఇంకో కంపెనీ, లీజ్‌వెబ్, 2013లో 630 సర్వర్లు తుడిచేసింది. ఎవరి పెళ్లి ఫొటోలు పోయాయో, ఎవరి థీసిస్ పోయిందో ఎవరికీ తెలియదు.

డాట్‌కామ్‌ను అమెరికాకు పంపే ఉత్తర్వు మీద న్యూజిలాండ్ మంత్రి సంతకం చేసింది 2024 ఆగస్టులో. నిందితుడి హక్కుల మీద పన్నెండేళ్లు వాదనలు జరిగాయి. ఫైళ్లు పెట్టుకున్న మామూలు మనిషి గురించి ఒక్క నియమం కూడా రాలేదు. నాకు బాధ కలిగించేది అదే.

నీలగిరి_టాకీస్ (నల్లగొండ జిల్లా)

మేడం బాధ అర్థమైంది. అయితే ఇట్లాంటి ముచ్చట వచ్చినప్పుడల్లా అందరూ సైట్ వైపే మాట్లాడతారు, నష్టపోయినవాడి ముచ్చట ఎవరికీ పట్టదు. అందుకే రాస్తున్నా.

మాది చిన్న టౌన్‌లో సింగిల్ స్క్రీన్. మా నాయన లీజుకు తీసుకుని నడిపాడు, ఇప్పుడు నేను నడుపుతున్నా. ఒకప్పుడు హైదరాబాద్ నుంచి రీలు బాక్సు బస్సులో వచ్చేది, పక్క ఊరితో కలిసి ఒకే ప్రింట్ ఆడించిన రోజులున్నాయి. అప్పుడు సినిమా యాభై రోజులు ఆడకపోయినా మూడు వారాలైతే నిలబడేది. ఇప్పుడు మాకు ఉన్నది శుక్రవారం, శనివారం, ఆదివారం. ఆ మూడు రోజుల్లో వస్తే వచ్చినట్టు. సోమవారం నుంచి కరెంటు బిల్లుకు కూడా రాదు. శుక్రవారం ఫస్ట్ షో పడేలోపే ఫోన్లలో కాపీ తిరుగుతుంటే మా కౌంటర్ ముందు ఎవరు నిలబడతారు?

పెద్ద హీరోకు నష్టం వస్తే ఆయన తట్టుకుంటాడు. మా దగ్గర ఆపరేటర్, గేట్‌మన్, ఊడ్చే అమ్మ, క్యాంటీన్ అతను, సైకిల్ స్టాండ్ అతను ఉన్నారు. వీళ్ల జీతం హౌస్‌ఫుల్ బోర్డు మీదే ఆధారపడి ఉంటుంది. మా చుట్టూ ఎన్ని థియేటర్లు ఫంక్షన్ హాళ్లయ్యాయో, ఎన్ని గోడౌన్లయ్యాయో ఈ జిల్లావాళ్లందరికీ తెలుసు.

2024లో ఇంటర్నెట్ కంపెనీల సంఘం ఐఏఎంఏఐ, కన్సల్టింగ్ కంపెనీ ఈవై కలిసి ఒక రిపోర్ట్ ఇచ్చాయి. 2023లో మన దేశంలో పైరసీ విలువ 22,400 కోట్ల రూపాయలని అందులో లెక్క. అందులో 13,700 కోట్లు థియేటర్ సినిమాలదే. ఇన్ని వేల కోట్లు పోతుంటే ప్రభుత్వం సైట్లు మూయక ఏం చేయాలి?

దేవరకొండ_ఆస్పిరెంట్

అన్నా, మీరు చెప్పింది కాదనను. కానీ టికెట్, పాప్‌కార్న్, పార్కింగ్ కలిపితే నలుగురున్న ఇంటికి ఎంతవుతుందో మీకు తెలుసు. పెద్ద సినిమా వచ్చినప్పుడల్లా రేట్లు పెంచుకోవడానికి పర్మిషన్ ఇస్తారు. కూలి చేసుకునేవాళ్లు మొదటి వారం చూడాలంటే ఎట్లా?

నీలగిరి_టాకీస్ (నల్లగొండ జిల్లా)

తమ్మీ, ఆ రేట్లు పెద్ద టౌన్ల మల్టీప్లెక్స్‌వి. మా క్యాంటీన్‌లో సమోసా, సోడా ఉంటాయి. రేటు ఎక్కువైందని కాపీ చూస్తే మల్టీప్లెక్స్ నిలబడుతుంది, మాలాంటి హాలు పడిపోతుంది. రేట్ల మీద కోపం ఉంటే ఆ మాట ప్రభుత్వాన్ని అడుగుదాం. నేనూ వస్తా.

జడ్చర్ల_నెట్ (ఇంటర్నెట్ టెక్నీషియన్)

నాకు తెలిసిన పని గురించి చెప్తాను. మేడం, ముందు ఒకటి తేల్చుకోవాలి. సైట్‌ను బ్లాక్ చేయడం వేరు, సీజ్ చేయడం వేరు.

మెగాఅప్‌లోడ్‌ను సీజ్ చేశారు. అంటే డొమైన్ పేరు ప్రభుత్వం చేతికి పోయింది, సర్వర్లు ఆగిపోయాయి. మీకు జరిగింది బ్లాక్. సర్వర్ ఎక్కడో విదేశంలో ఎప్పటిలాగే నడుస్తోంది, మన దేశంలోని ఇంటర్నెట్ కంపెనీలు మాత్రం దారి మూశాయి. అది రెండు మూడు రకాలుగా చేస్తారు. మామూలుగా పేరు అడిగితే అడ్రస్ చెప్పే డీఎన్ఎస్ దగ్గర తప్పుడు అడ్రస్ ఇస్తారు, లేదా అసలు ఇవ్వరు. కొన్ని కంపెనీలు మీరు ఏ సైట్‌కు కనెక్ట్ అవుతున్నారో పేరు చూసి అక్కడే తెంపేస్తాయి. ఇంకో పద్ధతి ఐపీ అడ్రస్‌నే ఆపేయడం. అన్నింటికంటే మొరటు పద్ధతి ఇదే, ఎందుకంటే ఒకే ఐపీ మీద వందల సైట్లు ఉండొచ్చు.

ఇటలీలో ఫుట్‌బాల్ మ్యాచ్‌ల పైరసీ ఆపడానికి పైరసీ షీల్డ్ అని ఒక వ్యవస్థ పెట్టారు. ఫిర్యాదు వచ్చిన 30 నిమిషాల్లో బ్లాక్ అవ్వాలి. 2024 అక్టోబర్‌లో ఆ తొందరలో గూగుల్ డ్రైవ్ ఫైళ్లు డౌన్‌లోడ్ అయ్యే డొమైన్‌నే బ్లాక్ చేశారు. దేశమంతా గంటల తరబడి జనం తమ సొంత ఫైళ్లు తెరవలేకపోయారు. స్పెయిన్‌లో 2025 నుంచి మ్యాచ్ ఉన్న రోజుల్లో, ఎన్నో సైట్లు వాడుకునే క్లౌడ్‌ఫ్లేర్ ఐపీలు ఆపేస్తుంటే, ఫుట్‌బాల్‌తో సంబంధం లేని చిన్న చిన్న వ్యాపారాల సైట్లు కూడా పడిపోయాయి.

మీకు కనీసం ఆ ఒక్క వాక్యమైనా కనబడింది. చాలా కనెక్షన్లలో అదీ రాదు, సైట్ దొరకలేదని మాత్రం వస్తుంది. జనం మాకే ఫోన్ చేసి నెట్ పోయిందని తిడతారు.

ఇప్పుడు అర్జెంటు విషయం. ఉచితంగా ఫైళ్లు పెట్టుకునే సైట్లలో చాలావాటికి ఒక రూల్ ఉంటుంది. కొన్ని వారాలపాటు ఎవరూ డౌన్‌లోడ్ చేయకపోతే ఆ ఫైల్ దానంతటదే డిలీట్ అవుతుంది. ఇక్కడ దారి మూసేశారు కాబట్టి మీ పాటలను ఎవరూ తెరవడం లేదు. గడియారం నడుస్తోంది. బయటి దేశంలో మీవాళ్లు ఎవరైనా ఉంటే, మీ లాగిన్‌తో అక్కడి నుంచి మీ ఫైళ్లు దించమనండి. మీ సొంత ఫైళ్లు మీరు తీసుకోవడంలో తప్పేమీ లేదు. ఈ రాత్రే చేయండి.

పాలమూరు_పాటలు (వనపర్తి)

ఈ డిలీట్ రూల్ సంగతి నాకు తెలియదు. మా అన్న కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు, ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను. చాలా థ్యాంక్స్ తమ్ముడూ.

మిర్యాలగూడ_వీడియో

మేడం, మా వీడియోగ్రాఫర్లలో చాలామందికి ఈ దెబ్బ తగిలింది. పెళ్లి రా ఫుటేజ్ వందల జీబీలు ఉంటుంది. ఎడిటింగ్ చేసేవాడు ఒక ఊళ్లో, ఆల్బమ్ డిజైన్ చేసేవాడు ఇంకో ఊళ్లో ఉంటారు. ఫైళ్లు పంపడానికి ఫ్రీ సైట్లే దిక్కు. ఒకసారి నా కస్టమర్ ఆల్బమ్ లింక్ ఇట్లాగే పోయింది. పెళ్లికూతురు తండ్రికి సైట్ బ్లాక్ అయిందంటే ఏం అర్థమవుతుంది? నేనే పోగొట్టానన్నాడు. హార్డ్ డిస్క్‌లో ఉంది కాబట్టి బతికిపోయా.

అప్పటినుంచి ఒక కాపీ స్టూడియోలో, ఒక కాపీ ఇంట్లో, ఒకటి డబ్బులు కట్టే క్లౌడ్‌లో పెడుతున్నా. మీ పాటలు దొరికాక ఫోన్‌ మెమరీ కార్డ్‌ని మాత్రం నమ్ముకోకండి.

జూనియర్_లాయర్ (నల్లగొండ)

చట్టం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

చాలామంది ప్రభుత్వం సైట్లు మూసేది ఐటీ చట్టం 69ఏ కింద అనుకుంటారు. ఆ సెక్షన్‌లో దేశ భద్రత, ప్రజాశాంతి లాంటి కారణాలు ఉన్నాయి, కాపీరైట్ లేదు. పైరసీ సైట్లు ఎక్కువగా మూతపడేది హైకోర్టు ఆదేశాలతో. సినిమా విడుదలకు ముందే నిర్మాత కోర్టుకు వెళ్తాడు. ఎవరు దొంగతనం చేస్తారో ఇంకా తెలియదు కాబట్టి పేరు తెలియని ప్రతివాదుల మీద ఆర్డర్ తెచ్చుకుంటాడు. జాన్ డో ఆర్డర్ అంటారు.

2012లో మద్రాస్ హైకోర్టు ఇచ్చిన అలాంటి ఆర్డర్ పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు వీడియోలు పెట్టుకునే విమియో, రాతలు పంచుకునే పేస్ట్‌బిన్ లాంటి సైట్లను మొత్తంగా మూసేశాయి. జూన్‌లో అదే కోర్టు, మేం చెప్పింది ఫలానా సినిమా ఉన్న ఫలానా యూఆర్ఎల్ గురించే, సైట్ అంతటి గురించి కాదని స్పష్టం చేసింది. అయినా 2017 ఆగస్టులో మళ్లీ జరిగింది. రెండు హిందీ సినిమాల కోసం తెచ్చిన ఆర్డర్లలో 2,600కు పైగా సైట్ల జాబితా ఉంది. ఆ జాబితాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఉంది. పాత పుస్తకాలు దాచే లైబ్రరీ అది. తమను ఎవరూ ముందుగా సంప్రదించలేదని ఆర్కైవ్ వాళ్లు చెప్పారు.

బొంబాయి హైకోర్టులో 2016లో జస్టిస్ గౌతమ్ పటేల్ వేరే దారి పట్టారు. సైట్ మొత్తం మూయమని అడిగితే ఒప్పుకోలేదు. ఒక్కో లింకును సరిచూసి, ప్రమాణపత్రం మీద చెప్తేనే బ్లాక్ అన్నారు. బ్లాక్ చేసిన చోట కనబడే పేజీలో కేసు వివరాలు ఉండాలి, నష్టపోయినవాళ్లు ఎవరికి చెప్పుకోవాలో ఉండాలి అన్నారు. మేడం అడిగిన ప్రశ్నకు జవాబు ఆ ఆర్డర్‌లో ఉంది. అందరూ దాన్ని పాటిస్తే ఈ థ్రెడ్ పుట్టేదే కాదు.

ఢిల్లీ హైకోర్టు 2019 ఏప్రిల్‌లో ఇంకా ముందుకు పోయింది. సైట్ ముఖ్య ఉద్దేశమే దొంగ కాపీలు పంచడమా, నడిపేవాడు పేరు దాచుకున్నాడా, నోటీసులిస్తే తీశాడా ఇలా కొన్ని కొలతలు పెట్టి, వాటికి సరిపోయేదాన్ని రోగ్ వెబ్‌సైట్ అంది. అలాంటిది మొత్తం మూయొచ్చు, రేపు పేరు మార్చుకుని వస్తే కొత్త కేసు లేకుండానే ఆ పేరును జాబితాలో చేర్చొచ్చు. దీన్నే డైనమిక్ ఇంజంక్షన్ అంటున్నారు. 2023లో ఇంకా తయారుకాని సినిమాలకు కూడా ముందే రక్షణ ఇచ్చారు.

తర్వాత 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించారు. థియేటర్‌లో రికార్డ్ చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, కనీసం 3 లక్షల జరిమానా. సినిమా నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా కూడా వేయొచ్చు. ఆ నవంబర్‌లో సమాచార ప్రసార శాఖ నోడల్ అధికారులను పెట్టింది. నిర్మాత ఫిర్యాదు చేస్తే 48 గంటల్లో ఆ కాపీ దిగిపోవాలి.

ఇక మర్చిపోయిన సెక్షన్ ఒకటుంది. కాపీరైట్ చట్టం 52(1)(సి). 2012 సవరణలో వచ్చింది. లింకు, యాక్సెస్ ఇవ్వడం కోసం తాత్కాలికంగా మాత్రమే నిల్వ ఉంచే మధ్యవర్తికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 21 రోజులు ఆపాలి. ఈలోగా ఫిర్యాదుదారు కోర్టు ఆర్డర్ తేకపోతే మళ్లీ తెరవొచ్చు. ఫైళ్లను శాశ్వతంగా దాచే సైట్‌కు ఇది నేరుగా వర్తించదని వాదిస్తారు. కానీ ఇరువైపులా న్యాయం చూడాలన్న ఆలోచన మన చట్టంలో ఉందని చెప్పడానికే ఇది రాశాను.

నీలగిరి_టాకీస్ (నల్లగొండ జిల్లా)

వకీల్ సాబ్, 21 రోజులా? నాకు సినిమా బతికేది మూడు రోజులు.

జూనియర్_లాయర్ (నల్లగొండ)

అన్నా, ఆ 21 రోజులు ఫైల్ ఆగే ఉంటుంది. ఆగాల్సింది ఫిర్యాదు వచ్చిన ఫైల్. సైట్ మొత్తం ఆపాలంటే మాత్రం అవతలివాళ్ల మాట కూడా వినాలి కదా.

మెటీరియల్_రాస్తాను (మహబూబ్‌నగర్)

సినిమావాళ్ల మాట అందరూ మాట్లాడుతున్నారు, మా మాట నేను చెప్తాను. పోటీ పరీక్షలకు నోట్స్ తయారుచేసి అచ్చు వేసి అమ్ముతాను. ఉమ్మడి పాలమూరు జిల్లా సాగునీటి ప్రాజెక్టుల మీద ఒక్క అధ్యాయం రాయడానికి జూరాల, కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ అన్నింటి రికార్డులూ తెచ్చి సరిచూసుకుంటాను. పుస్తకం బయటికొచ్చిన సాయంత్రానికే టెలిగ్రామ్‌లో పీడీఎఫ్ కనబడుతుంది. పేజీ పేజీకీ స్కాన్ చేసి, కింద వాళ్ల చానెల్ పేరు వేసుకుంటారు. నా పేరు మాత్రం ఉండదు.

ఢిల్లీలో కోచింగ్ నడిపే ఒక టీచర్ ఇదే బాధతో కోర్టుకు వెళ్లారు. 2022 ఆగస్టు 30న ఢిల్లీ హైకోర్టు, ఆ చానెళ్లు నడిపేవాళ్ల ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రస్‌లు ఇవ్వాలని టెలిగ్రామ్‌ను ఆదేశించింది. మా సర్వర్లు సింగపూర్‌లో ఉన్నాయి, అక్కడి చట్టం ఒప్పుకోదు అని వాళ్లు వాదిస్తే కోర్టు వినలేదు. నాకు నచ్చింది ఏమిటంటే, టెలిగ్రామ్‌ను దేశంలో మూసేయమని కోర్టు అనలేదు. దొంగతనం చేసినవాణ్ని బయటపెట్టమంది. టెలిగ్రామ్‌లో నా విద్యార్థులు కూడా ఉన్నారు, నేను కరెంట్ అఫైర్స్ పంపేదీ అందులోనే. అది మూతపడితే నాకే నష్టం.

దేవరకొండ_ఆస్పిరెంట్

సార్, నేను అట్లాంటి పీడీఎఫ్‌లు చదివినవాణ్నే. దాచడం లేదు. గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నా, చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర రూం తీసుకున్నా. రూం కిరాయి, మెస్ బిల్లు కట్టాక నెలాఖరుకు ఏమీ మిగలదు. ఒక సబ్జెక్ట్‌కు నాలుగు పుస్తకాలు కొనమంటారు. కొన్ని పుస్తకాలు కొందామన్నా పరీక్ష దగ్గర పడేసరికి షాపుల్లో ఉండవు. మీలాంటి వాళ్లు తక్కువ రేటుకు పీడీఎఫ్ మీరే అమ్మితే కొంటాం సార్. నాలాంటి వాళ్లు చాలామంది కొంటారు.

మెటీరియల్_రాస్తాను (మహబూబ్‌నగర్)

బాబూ, నీ పరిస్థితి నాకు తెలుసు, నేనూ అట్లాగే చదువుకున్నా. ఒక అధ్యాయం విడిగా తక్కువకు అమ్మే ఆలోచన చేస్తున్నా. నీకు కావాల్సిన అధ్యాయాలేవో చెప్పు, పంపిస్తా. కానీ వేరేవాళ్లకు పంపకు. ఆ ఒక్క మాట నిలబెట్టుకుంటే చాలు.

కొల్లాపూర్_లెక్చరర్

చదువు విషయం వచ్చింది కాబట్టి నాలుగు మాటలు. నేను ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చెప్తూ పీహెచ్‌డీ చేస్తున్నాను. మా రంగంలో ఒక్క పరిశోధనా వ్యాసం చదవాలంటే రెండు మూడు వేలు అడుగుతారు. అందుకే ఆ వ్యాసాలు ఊరికే ఇచ్చే సై-హబ్ అనే సైట్. తప్పని తెలిసీ అందరం వాడాం. ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ అనే ప్రచురణ సంస్థలు కలిసి 2020లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి, 2025 ఆగస్టులో దాన్ని బ్లాక్ చేయమని ఆదేశం వచ్చింది.

దీనికి ప్రభుత్వం ఒక మంచి పని కూడా చేసింది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని, మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నల్స్‌ను 6,300 ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరిచింది. 2025 జనవరి నుంచి అమలవుతోంది. పాలమూరు యూనివర్సిటీలో, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో చదివే పిల్లలకు ఇది వరం. కానీ మాలాంటి ప్రైవేటు కాలేజీలు అందులో లేవు. జిల్లాలో డిగ్రీ చదివే పిల్లల్లో ఎంతోమంది ఉన్నది మా దగ్గరే. దొంగ తలుపు మూసినప్పుడు అసలు తలుపు అందరికీ తెరవాలి అని నేను గట్టిగా అడుగుతాను.

మన కోర్టులు చదువు వైపు నిలబడిన సందర్భమూ ఉంది. ఢిల్లీ యూనివర్సిటీలో ఒక జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు కేసు వేశాయి. టీచర్ పాఠం కోసం పుస్తకాల్లోంచి పేజీలు కాపీ తీసి పిల్లలకు ఇవ్వడం తప్పు కాదని 2016 సెప్టెంబర్‌లో తీర్పు వచ్చింది.

పాలమూరు_పాటలు (వనపర్తి)

మా అన్న కొడుకు డల్లాస్ నుంచి లాగిన్ అయ్యాడు. జడ్చర్ల తమ్ముడు చెప్పింది నిజం. సైట్ అక్కడ మామూలుగానే తెరుచుకుంది. కానీ పాత ఫైళ్లు కొన్ని ఇప్పటికే లేవు. నాట్ల పాటలు చాలావరకు వచ్చాయి, బతుకమ్మ పాటలన్నీ వచ్చాయి. ఎల్లమ్మ కథ రాత్రంతా చెప్పించి రికార్డ్ చేశాను, అందులో మధ్య భాగాలు పోయాయి. చెప్పిన బైండ్లాయన ఈ మధ్యే కాలం చేశారు. ఆయన కొడుక్కి లింక్ పంపాను కానీ డౌన్‌లోడ్ చేసుకున్నాడో లేదో కనుక్కోవాలి.

సురవరం ప్రతాపరెడ్డి గారిది మా పాలమూరు జిల్లానే. తెలంగాణలో కవులు లేరన్నవాళ్లకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఊరూరా ఉత్తరాలు రాసి, సేకరించి, అచ్చు వేయించారు. అచ్చయింది కాబట్టి ఇవాళ మన దగ్గర ఉంది. పాట అచ్చులో ఉండదు, గొంతులో ఉంటుంది. గొంతు పోయాక ఉండేది ఆ ఫైలే. దాన్ని తుడిచేసే హక్కు ఎవరికీ ఇవ్వకూడదు.

సూర్యాపేట_సాఫ్ట్‌వేర్ (ఇప్పుడు హైదరాబాద్)

మేడం, ఇక్కడ ఇంకో విషయం. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లకు కాపీరైట్ ముగుస్తుంది. సురవరం గారు 1953లో పోయారు. అంటే 2014 నుంచి ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఎవరైనా స్కాన్ చేసి పంచుకోవచ్చు. పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఎక్కువగా ఉన్నది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనే. 2017లో రెండు హిందీ సినిమాల కోసం దాన్ని మూసినప్పుడు, చట్టప్రకారం ప్రజలందరివీ అయిన పుస్తకాలకు కూడా దారి మూశారన్నమాట.

జూనియర్_లాయర్ (నల్లగొండ)

పాటల విషయం కూడా చెప్తాను. తరతరాల పాటకు రచయిత కాపీరైట్ ఉండదు. కానీ మీరు చేసిన రికార్డింగ్ మీద మీకు హక్కు ఉంది, పాడినవాళ్లకు ప్రదర్శకుల హక్కు ఉంది. అందుకే ఇది మేడం ఒక్కరి ఇబ్బంది కాదు. కాపీరైట్ కాపాడతామని సైట్ మూసేశారు, ఆ మూతలో పోయింది ఇంకొకరి కాపీరైట్.

నీలగిరి_టాకీస్ (నల్లగొండ జిల్లా)

మేడం, ఆ కథ పోయిందని చదివి మనసు పాడైంది. మా జిల్లాలో బైండ్లవాళ్లు నాకు తెలిసినవాళ్లున్నారు, అదే కథ చెప్పేవాళ్లు దొరుకుతారేమో అడుగుతా.

కానీ ఐబొమ్మ లాంటిదాన్ని మీ సైట్‌తో కలపొద్దు. 2025 నవంబర్‌లో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు దాని నిర్వాహకుణ్ని అరెస్టు చేసి సైట్ మూయించారు. హార్డ్ డిస్కుల్లో 21,000 సినిమాలు దొరికాయని, 50 లక్షల మంది యూజర్ల డేటా అతని దగ్గర ఉందని, చూసేవాళ్లను బెట్టింగ్ యాప్‌లకు మళ్లించారని పోలీసులు చెప్పారు. కేసు కోర్టు తేలుస్తుంది. కానీ అప్పుడు సోషల్ మీడియాలో ఎంతోమంది అతన్ని పేదల దేవుడన్నారు. నాకు ఆ మాటలు చదువుతుంటే ఏడుపొచ్చింది. బెట్టింగ్‌లో పడి అప్పులపాలైన పిల్లలు మా బజారులోనే ఉన్నారు. ఫ్రీగా ఇచ్చేవాడు మన దగ్గర ఏదో ఒకటి తీసుకోకుండా ఉండడు.

కొల్లాపూర్_లెక్చరర్

ఇది నిజం. నా క్లాసులో అట్లా పోగొట్టుకున్న పిల్లవాడు ఉన్నాడు.

జూనియర్_లాయర్ (నల్లగొండ)

అందరం కలిసి సమాచార ప్రసార శాఖకు, టెలికం శాఖకు ఒక లెటర్ రాద్దాం. నేను డ్రాఫ్ట్ చేస్తా. బ్లాక్ చేసిన పేజీలో ఏ కోర్టు, ఏ కేసు నంబర్, ఎవరికి మెయిల్ పెట్టాలి అన్నది కచ్చితంగా ఉండాలి. సొంత ఫైళ్లు పెట్టుకున్నవాళ్లు ఐడీ చూపించి వాటిని తీసుకోవడానికి కొంత గడువు, ఒక దారి ఉండాలి. సర్వర్ సీజ్ చేస్తే ఆ ఫైళ్లు ఎవరు కాపాడాలో ఆర్డర్‌లోనే రాయాలి. రకరకాల ఫైళ్లున్న సైట్‌ను పూర్తిగా మూసే ముందు నోటీసు ఇచ్చి వినాలి. మేడం, మీకు కనబడిన పేజీ స్క్రీన్‌షాట్, తేదీ, సమయం, కనెక్షన్ ఏ కంపెనీదో నాకు పంపండి. పోయిన ఫైళ్ల పేర్లు కూడా.

జడ్చర్ల_నెట్ (ఇంటర్నెట్ టెక్నీషియన్)

ఐపీ మీద బ్లాక్ వద్దని కూడా రాయండి సార్. టెక్నికల్ పేరా నేను రాసిస్తా.

పాలమూరు_పాటలు (వనపర్తి)

స్క్రీన్‌షాట్ ఉంది. స్కూలు నుంచి రాగానే అన్నీ పంపిస్తాను.

నీలగిరి_టాకీస్ (నల్లగొండ జిల్లా)

పేజీలో కేసు నంబర్ వేయడం, జనం ఫైళ్లు వాళ్లకు ఇవ్వడం, సర్వర్ కాపాడడం, ఈ మూడింటికి నేను సంతకం పెడతా. మా లైన్‌లో ఉన్న ఇంకొందరితోనూ పెట్టిస్తా. మూసే ముందు నోటీసు అన్నదానికి మాత్రం పెట్టను. నోటీసు వెళ్లిన గంటలో వాడు పేరు మార్చి ఇంకోచోట తెరుస్తాడు, నా ఆదివారం పోతుంది. కొత్త సినిమా ఫైల్ అదే పూట ఆగాలి, ఆ సైట్ వారం తిరిగేలోపు విచారణకు రావాలి అని రాస్తే ఒప్పుకుంటా. వకీల్ సాబ్, అట్లా మార్చి ఇక్కడే పెట్టండి, చదివి చెప్తా.

జూనియర్_లాయర్ (నల్లగొండ)

వారం అంటే కోర్టులో కష్టం అన్నా. నోడల్ అధికారి దగ్గరైతే అడగొచ్చు. రెండు రకాలుగా రాసి ఆదివారం పెడతాను. సెకండ్ షో అయ్యాక చూడండి.